ఒక్క బంతికి అనుమతి

మా సంస్థకి ఉన్నది ఒకే ఒక్క యంత్రం. దాన్ని చూసుకునేవాళ్ళం మాత్రం నలభై మందిమి. ఇది మరీ ఎక్కువని ఊళ్ళో కొందరు సణుగుతూ ఉంటారు. ఒక్కగానొక్క పిల్లాడున్న ఇంట్లో అన్నం గిన్నె పట్టుకుని వాడి వెనకాల ఎంతమంది పరిగెడతారో చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

సంస్థ పూర్తి పేరు ‘రాష్ట్ర ప్రాచీన క్రీడాయంత్ర సంరక్షణ మరియు విపణి అభివృద్ధి సంస్థ’. మధ్యలో ఆ ‘మరియు’ని మా మేనేజింగ్ డైరెక్టరు చిదానందం గారు పట్టుబట్టి పెట్టించారు. అది లేకపోతే ప్రైవేటు కంపెనీ అనుకుంటారని ఆయన భయం. నేను అందులో ఆఫీసు సూపరింటెండెంటుని. పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చాను. యంత్రమూ పాడిగేదె లాంటిదేననీ, పాలిచ్చేదాకా ఓపిక పట్టాలనీ నన్ను తీసుకునేటప్పుడు ఆయన చెప్పారు.

ఆ యంత్రం విశాఖపట్నంలో, వన్‌టౌన్ నుంచి పోర్టుకి పోయే దారిలో, నూకరత్నం గారి వీడియో గేముల కొట్టులో ఉంది. పిన్‌బాల్ మిషను. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఏటవాలుగా ఉండే పొడుగాటి బల్ల, పైన అద్దం. స్ప్రింగు లాగి వదిలితే లోపల ఉక్కు బంతి పైకి పోయి, గంటలు కొడుతూ దీపాలు వెలిగిస్తూ కిందికి జారుతుంది. రెండు పక్కలా ఉన్న బొత్తాలు నొక్కితే అడుగున రెండు రెక్కలు లేచి దాన్ని మళ్ళీ పైకి తంతాయి. వాటికి దొరక్కపోతే బంతి మధ్య సందులోంచి కంతలో పడిపోతుంది. ఆట మొత్తం అంతే.

ఎప్పుడో ఒక విదేశీ ఓడ వాళ్ళు వదిలించుకుని పోతే నూకరత్నం గారి భర్త దాన్ని తోపుడు బండి మీద వేసుకుని తెచ్చాడు. ఆయన పోయాడు. పిల్లలకి సెల్‌ఫోన్లు వచ్చి కొట్టుకి రావడం మానేశారు. ఆవిడ మాత్రం రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆడుకునేది. వీధిలో వాళ్ళకి ఆ గంటల మోత వినపడితే రెండున్నర అయిందని గుర్తు.

ఆ ప్రశాంతతలోకి ఒక నివేదిక వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన నిషాంత్ అనే కన్సల్టెంటు పిన్‌బాల్ సేకరణ విపణి భవిష్యత్తు మీద దాన్ని రాశాడు. పాత పిన్‌బాల్ మిషన్లని ఇంట్లో పెట్టుకుని మురిసిపోయేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారట. ధరలు ఏటేటా పెరుగుతున్నాయట. చిక్కల్లా, కొనేవాళ్ళందరూ చిన్నప్పుడు దాని మీద ఆడినవాళ్ళే. వాళ్ళ జుట్లు నెరిసిపోయాయి. ఎవరి చిన్నతనంలో ఏది ఉంటే పెద్దయ్యాక వాళ్ళు దాన్నే కొంటారు, ఇప్పటి పిల్లల చిన్నతనంలో పిన్‌బాల్ లేదు, కనక రేపు కొనే నాథుడుండడు.

ఇంతమాట చెప్పాక మామూలు మనిషి ఊరుకుంటాడు. కన్సల్టెంటు కనక ఊరుకోకుండా రెండు సిఫార్సులు చేశాడు. ఒకటి, ఎవరూ తాకని యంత్రానికే ధర ఎక్కువ కాబట్టి దాన్ని ఎవరూ తాకరాదు. రెండు, రేపటి కొనుగోలుదారులు తయారు కావాలి కాబట్టి నేటి పిల్లలందరికీ దాని మీద ఆడిన జ్ఞాపకం ఉండవలెను. రెండూ వేర్వేరు పేజీల్లో ఉండడంతో ఒకదానితో ఒకటి తగువు పడతాయని ఎవరికీ తోచలేదు. తోచినా ఇబ్బంది లేదు, రెండింటికీ వేర్వేరు సెక్షన్లు పెట్టాం.

మొదటి సిఫార్సు అమలు చేయడానికి మేమందరం కొట్టుకి వెళ్ళేసరికి నూకరత్నం గారు ఆటలో ఉంది. చిదానందం గారు శాలువా కప్పి, నేటి నుంచి ఆవిడ ఈ యంత్రానికి గౌరవ సంరక్షకురాలని ప్రకటించారు. ఆవిడ సంతోషించి, శాలువా కొంచెం పక్కకి తీయమంది, బంతి కనపడటం లేదని. అదే ఆవిడ ఆఖరి బంతి అని అప్పుడు ఆవిడకి తెలియదు. అది పడిపోగానే చుట్టూ తాడు కట్టేశాం.

యంత్రాన్ని కదిపితే విలువ తగ్గుతుంది కాబట్టి అది ఆవిడ కొట్టులోనే ఉంటుందన్నాం. మిషను నాది కాదా బాబూ అని ఆవిడ అడిగింది. చిదానందం గారు చాలా గౌరవంగా జవాబిచ్చారు. “యాజమాన్యం ముమ్మాటికీ మీదేనమ్మా. స్పర్శ మాత్రం ప్రభుత్వానిది.”

వారం తిరక్కుండా ఆవిడ దాని మీద దుమ్ము తుడవబోతే మా తనిఖీ అధికారి ఆపాడు. కాలక్రమంలో సహజంగా చేరిన దుమ్ము యంత్రపు ప్రాచీనతకి ఆధారమట. దాన్ని ప్రామాణిక ధూళిగా గుర్తించాం. పక్క వీధిలో డ్రైనేజీ పనికి రోడ్డు తవ్వినప్పుడు వచ్చిన దుమ్ము అప్రామాణికం కాబట్టి అది రాకుండా తలుపు వేసి ఉంచమన్నాం. తలుపు వేస్తే కొట్టు ఎలా నడుస్తుందన్నది మా సంస్థ పరిధిలోకి రాదు.

ఒకరోజు తనిఖీకి వెళ్తే ఆవిడ తాడు ఇవతల స్టూలు వేసుకుని మిషన్ని చూస్తూ కూచుంది. ఒళ్ళో రెండు చేతుల్నీ ఒకదానితో ఒకటి నలుపుకుంటోంది. కీళ్ళవాతం మొదలైంది. వేళ్ళు ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడట.

“మిషన్ని దాస్తన్నారు, బాగానే ఉంది. నా చేతుల్ని ఎక్కడ దాచుకోమంటారు బాబూ?” అంది నాతో. “పొద్దున్న లేచేసరికి బిగుసుకుపోతన్నాయి. ఇంకెన్నాళ్ళు ఆడగలనో నాకే తెలీదు. ఆడగలిగినన్నాళ్ళు ఆడుకోనీండి. ఇంకేటీ అడగను.”

ఆ మాటకి నాకు బాధ కలిగింది. బాధ కలిగిందని ఫైలు మీద రాసి పైకి పంపాను. ‘చూడబడినది’ అని తిరిగొచ్చింది.

ఈలోగా రెండో సెక్షను ఊపందుకుంది. పిల్లలందరికీ పిన్‌బాల్ ఆడిన జ్ఞాపకం కావాలి, పిన్‌బాల్ ఆడకూడదు. ఇది మరో దేశంలో అయితే చిక్కుప్రశ్నే. ఆడకుండా గుర్తుపెట్టుకోవడం, చూడకుండా అప్పజెప్పడం మన పిల్లలకి పుట్టుకతో వచ్చిన విద్య. కప్పని కోయకుండా కప్ప బొమ్మ వేసి నూటికి నూరు తెచ్చుకునేవాళ్ళకి ఇదొక లెక్కా? జ్ఞాపకాన్ని పాఠంగా రాసి బడుల్లో బట్టీ పట్టిస్తే చాలని చిదానందం గారు తేల్చేశారు.

పాఠం రాయడానికి కమిటీ వేశాం. చర్చ చాలా లోతుగా సాగింది. పిల్లాణ్ణి ఆటకి ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర పెద్ద పేచీ వచ్చింది. నాన్న అంటే చదువు గుర్తొస్తుందన్నారు. బాబాయి అంటే ఆస్తి పంపకాలు గుర్తొస్తాయన్నారు. మామయ్య దగ్గర అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. పాఠం ఇలా తయారైంది: ‘వర్షం వెలిసిన సాయంత్రం మామయ్య వేలు పట్టుకుని వెళ్ళాను. స్ప్రింగు లాగాను. బంతి వెళ్ళింది. దీపాలు వెలిగాయి. మామయ్య నవ్వాడు. బంతి పడిపోయింది. తీయని బాధ కలిగింది.’

మేనమామలు లేని పిల్లల తల్లులు ధర్నా చేశారు. న్యాయమైన కోరికే. దాంతో మా రికార్డు సెక్షనులో మీసాలున్న ఒక గుమాస్తా ఫొటో తీయించి ప్రామాణిక మామయ్యగా అన్ని బడులకీ పంపించాం. ఆయన కూరలకి వెళ్తే పిల్లలు చుట్టూ చేరి వేళ్ళు పట్టుకుంటున్నారు, చాక్లెట్లు అడుగుతున్నారు. ఆయన మామయ్య అలవెన్సుకి దరఖాస్తు పెట్టాడు. అది ఆర్థిక శాఖ పరిశీలనలో ఉంది.

తర్వాత బాల్య జ్ఞాపకాల అర్హత పరీక్ష పెట్టాం. పరీక్ష అన్నాక కోచింగు సెంటర్లు పుట్టకుండా ఎలా ఉంటాయి? తెల్లవారుతూనే హాస్టలు కిటికీల్లోంచి ‘బంతి వెళ్ళింది, దీపాలు వెలిగాయి’ అని వందల గొంతులు ఒక్కసారి వినిపించేవి. ఒక తల్లి మా ఆఫీసుకొచ్చి, వాళ్ళవాడికి వర్షం వరకు బాగానే గుర్తొస్తోందనీ మామయ్య దగ్గర తడబడుతున్నాడనీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటర్లో గుర్తు చేసుకోవచ్చులే అని ధైర్యం చెప్పి పంపాను. ‘ఆలు లేదు చూలు లేదు’ అనే సామెతని ఆఫీసు ఆవరణలో ఎవరూ వాడరాదని ఒక సర్క్యులరు కూడా వచ్చింది.

మధ్యలో బెంగళూరు నుంచి నిజంగానే పాత మిషన్లు సేకరించే ఒకాయన వచ్చాడు. మిషన్ని చూడగానే మొహం విప్పారింది. ఆట ఎలా ఉంటుందని నూకరత్నం గారిని అడిగాడు. ఎడమ రెక్క కొంచెం బద్ధకం, ముందుగా నొక్కాలి అని ఆవిడ చెప్పింది. ఇద్దరూ తాడు ఇవతల నిలబడి పెళ్ళిలో కలిసిన పాత చుట్టాల్లాగా ఆ కబుర్లే చెప్పుకున్నారు. ఇప్పుడే కొంటానని, ఆవిడ ఎప్పుడు వచ్చినా ఆడుకోవచ్చని ఆయన అన్నాడు. చిదానందం గారు కుదరదన్నారు. “తమరు వర్తమాన కొనుగోలుదారులు. సంస్థ భావి కొనుగోలుదారుల నిమిత్తం ఏర్పడినది.” ఆయన చాలాసేపు ఏదో అర్థం చేసుకోవడానికి ప్రయత్నించి రైలెక్కేశాడు.

ఫలితాలు వచ్చాయి. జ్ఞాపకం అసలైనదో కాదో సరిచూడాలి కదా అని ఎవరో అనడంతో, ఉత్తీర్ణులైనవాళ్ళకి ఒక్క బంతి ఆడటానికి అనుమతి ఇచ్చాం. నియమం మా న్యాయ విభాగం రాసింది: ‘బంతి తనంతట తాను పడిపోవు వరకు అనుమతి చెల్లును.’ ర్యాంకర్లు వరసగా వచ్చారు. పాఠం అప్పజెప్పారు, స్ప్రింగు లాగారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. బంతి వెళ్ళింది, దీపాలు వెలిగాయి, బంతి పడిపోయింది. రెక్కల బొత్తాలు సిలబస్‌లో లేవు కాబట్టి ఎవరూ వాటి జోలికి పోలేదు. తీయని బాధ కలిగిందని సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఒక్కొక్కరికీ తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. యంత్రానికి అరుగుదల లేదని చిదానందం గారు సంతృప్తి వ్యక్తం చేశారు.

తాడు ఇవతల స్టూలు మీద కూచుని నూకరత్నం గారు ఇదంతా చూసింది. మర్నాడు పరీక్షకి దరఖాస్తు పెట్టింది.

ఆవిడ తప్పింది. మొదట ఎవరితో వెళ్ళి ఆడారు అన్న ప్రశ్నకి ‘ఎవరితోనూ వెళ్ళలేదు, కొట్టు నాదే’ అని రాసింది. బంతి పడినప్పుడు కలిగిన భావం అన్నచోట ‘ఏమీ లేదు, ఇంకోటి ఆడాలనిపిస్తుంది’ అని రాసింది. వాతావరణం అన్నచోట ‘ఉక్కపోత’ అని రాసింది. తప్పు సమాధానాలకి మార్కులు కోసే పద్ధతి ఉండటంతో ఆవిడకి సున్నా కన్నా తక్కువ వచ్చింది. ఆవిడ ఆఫీసుకొచ్చి అడిగితే, సదరు జ్ఞాపకం వ్యక్తిగతమైనదనీ సంస్థ ఆమోదించినది కాదనీ చిదానందం గారు నచ్చజెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ నీళ్ళ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగింది.

ఆవిడ నేరుగా వెళ్ళి కోచింగులో చేరింది. ఆరో తరగతి పిల్లల మధ్య కూచుని వర్షం వెలిసిన సాయంత్రాన్ని బట్టీ పట్టింది. దారిలో నాకు కనపడితే పాఠం ఎలా సాగుతోందని అడిగాను.

“మా అమ్మకి అన్నదమ్ములు లేరు బాబూ,” అంది. “అయినా ఎలాగో మామయ్య వచ్చేసినాడు. నిన్న కల్లోకి కూడా వచ్చినాడు. మంచోడిలాగే ఉన్నాడు.”

రెండోసారి ఆవిడ డిస్టింక్షనులో ప్యాసయింది.

సరిచూసే రోజున చిదానందం గారు, నిషాంత్, న్యాయ అధికారి, నేను కొట్టుకి వెళ్ళాం. భోజనం వేళకి ముందు పెట్టుకున్నాం, అయిపోగానే హోటలుకి వెళ్ళొచ్చని. నూకరత్నం గారు చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లిగా విరుచుకుంది. పాఠం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. స్ప్రింగు లాగి వదిలింది.

మేం అప్పటికే గుమ్మం వైపు తిరిగాం. బంతి కిందికి వచ్చింది. ఎడమ రెక్క లేచి దాన్ని పైకి తన్నింది.

చాలా నెలల తర్వాత ఆ గంటలు ఆగకుండా మోగాయి. ఎదురుగా కూరల ఆవిడ తక్కెడ వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరు ఆటోవాళ్ళు వచ్చారు. బంతి మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నూకరత్నం గారు మా ఎవరి వైపూ చూడలేదు. ఆవిడ మొహం ఎలా ఉందంటే, నేను ఫైళ్ళలో ‘బాధ’ అని ఎన్నిసార్లు రాసినా ‘ఆనందం’ అని ఒక్కసారైనా రాయలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

సదరు బంతి ఎప్పుడు పడవలసి ఉందని చిదానందం గారు నిషాంత్‌ని అడిగారు. ర్యాంకర్ల సగటు ప్రకారం ఎప్పుడో పడి ఉండాలని అతను చెప్పాడు. కరెంటు తీసేద్దామా అన్నాడు. అప్పుడది తనంతట తాను పడినట్టు కాదని న్యాయ అధికారి నియమం చదివి వినిపించాడు. భోజనం వేళ దాటింది. మేం గోడ పక్కన బెంచీ మీద కూచున్నాం. ఆవిడ ఆడుతూనే ఉంది.

టీలు వచ్చేవేళకి ఆవిడ వేళ్ళు బిగుసుకుపోవడం కనిపించింది. కుడి రెక్కని లేపి అలాగే బిగబట్టింది. బంతి వచ్చి దాని ఒళ్ళో బుద్ధిగా ఆగిపోయింది. అలా పట్టుకుంటే ఎంతసేపైనా ఉంటుందట. ఆవిడ వెనక్కి తిరిగింది. అందరికన్నా దగ్గరగా ఉన్నది చిదానందం గారు.

“బాబూ, ఈ బొత్తాం ఒక్కసారి పట్టుకోండి, టీ తాగుతాను. ఒగ్గీకండి. ఒగ్గేస్తే పడిపోతాది.”

ఆయన మా వైపు చూసి, వెళ్ళి బొత్తాం మీద చూపుడు వేలు పెట్టారు. ఆవిడ చెయ్యి తీసేసి స్టూలు మీద కూచుని టీ ఊదుకుంటోంది. ఆ వేలు ఎత్తితే బంతి పోతుంది, ఆవిడ అనుమతి పోతుంది, మా ఆకలి తీరుతుంది. నిషాంత్ కళ్ళతో సైగ కూడా చేశాడు. ఆయన వేలు ఎత్తలేదు. నేను ఆయన దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్నాను, ఒక పని మీద ఆయన వేలు అంతసేపు నిలవడం అదే మొదలు. లక్షమంది పిల్లలకి పిన్‌బాల్ జ్ఞాపకం పంచిపెట్టిన మనిషి, పిన్‌బాల్ మిషన్ని తాకడం కూడా అదే మొదలు.

సరదాగా ఉంటే ఒకసారి కొట్టి చూడండి అంది ఆవిడ గ్లాసు అంచు మీంచి.

ఆయన కొట్టారు. బంతి రయ్యిమని పైకి పోయి గంటల మధ్య గిలగిల్లాడింది, దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆయన ‘ఓరి ఓరి ఓరి’ అంటూ వంగిపోయారు, టై అద్దం మీద పడింది. నవ్వుతున్నారు. బంతి నేరుగా మధ్యకి దిగింది. ఆయన కంగారులో రెండు బొత్తాలూ కలిపి నొక్కేశారు. రెక్కలు రెండూ లేచాయి, వాటి మధ్య సందులోంచి బంతి కంతలో పడిపోయింది.

నూకరత్నం గారు గ్లాసు కింద పెట్టింది. కోప్పడలేదు. కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడాది పరీక్షలన్నీ అయిపోయాయి, వచ్చే ఏడాదికి ఆ చేతులు ఎలా ఉంటాయో మాకందరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

“బంతి పడినందున సదరు అనుమతి ముగిసినట్టు నమోదు చేస్తున్నాం సార్,” అన్నాడు న్యాయ అధికారి లేచి.

చిదానందం గారు బొత్తాల మీంచి చేతులు తీయకుండానే తల తిప్పారు. “నియమం ఏమిటి?”

“తనంతట తాను పడిపోవు వరకు సార్.”

“ఇది తనంతట తాను పడలేదు కదండీ,” అన్నారాయన. “నేను పడేశాను.”

న్యాయ అధికారి ఆ నియమం మళ్ళీ చదువుకున్నాడు. నియమం రాసింది అతనే, కాబట్టి వాదించడానికి ఏమీ మిగల్లేదు. పర్యవేక్షకాధికారి లోపం వల్ల పడిన బంతి పడినట్టు కాదని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. నూకరత్నం గారికి అదంతా ఎంతవరకు అర్థమైందో తెలియదు గానీ, చిదానందం గారు పక్కకి జరిగి చోటిస్తే లేచి వచ్చి స్ప్రింగు లాగింది.

అప్పటినుంచి ఆవిడ బంతి ఒక్కటి కూడా తనంతట తాను పడలేదు. పడబోయే సమయానికి మా సంస్థ అధికారి ఎవరో ఒకరు అడ్డదిడ్డంగా ఒక బొత్తాం నొక్కుతారు, తప్పు మాదవుతుంది, ఆవిడ అనుమతి నిలుస్తుంది. ఇందుకోసం వంతులు వేశాం. చిదానందం గారు మధ్యాహ్నం వంతు ఎవరికీ ఇవ్వరు. చేతులు నొప్పి పెట్టిన రోజున కుడి రెక్క ఆవిడ చూసుకుంటుంది, ఎడమ రెక్క ఆయన చూసుకుంటారు. ముందుగా నొక్కండి, ముందుగా నొక్కండి అని ఆవిడ తిడుతూ ఉంటుంది.

నిన్న ఆవిడ వేళ్ళు అసలు ముడవలేకపోయింది. స్టూలు మిషను పక్కకి లాక్కుని కూచుని, ఇప్పుడు, ఇప్పుడు, ఆగండి, ఇప్పుడు అని చెబుతూ ఉంటే రెండు రెక్కలూ ఆయనే చూశారు. బంతి చాలాసేపు పడలేదు.